ఐదేళ్లుగా వెల్క్రో రవికలు: నా వేళ్లు చెప్పిన సంగతులు

పొద్దున్న ఐదున్నరకు నా వేళ్లు వంగవు. రుమటాయిడ్ కీళ్లవాతం వచ్చి ఏడేళ్లయింది. నిద్ర లేచేసరికి కణుపులు బిగుసుకుపోయి ఉంటాయి, అవి సడలడానికి గంట పడుతుంది, ఒక్కోరోజు గంటన్నర. రవిక హుక్కు పెట్టాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఆ చిన్న కొక్కేన్ని పట్టుకోవాలి, కాజాలోకి దూర్చాలి, పక్కకు లాగాలి. అలాంటివి ఆరు. రెండేళ్లపాటు మావారే పెట్టారు. ఎన్నడూ విసుక్కోలేదు. కానీ ఆయన ఊరెళ్లిన రోజున నేను మధ్యాహ్నం దాకా నైటీలోనే ఉండిపోయేదాన్ని. ముప్ఫై ఏళ్లు చీర కట్టుకుని బడికి వెళ్లినదాన్ని, గుమ్మంలోకి వచ్చినవారిని లోపలికి రమ్మనలేకపోవడం ఎంతో బాధగా ఉండేది.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాకు పాతికేళ్లుగా కుట్టే దర్జీ దగ్గరకు వెళ్లాను. ఆయన మొదట టిచ్ బటన్లు పెట్టి ఇచ్చాడు. దుకాణంలోనే వేసి చూసుకున్నాను, టక్కున పడ్డాయి. మర్నాడు పొద్దున్న ఒక్కటీ పడలేదు. టిచ్ బటన్‌కు బొటనవేలి బలం కావాలి, ఆ వేళప్పుడు నాకు లేనిదే అది. దుకాణానికి వెళ్లినది సాయంత్రం ఆరింటికి, అప్పటికి నా చేతులు మంచి చేతులు. అప్పటినుంచి ఏది కుట్టించినా ఇంటికి తెచ్చుకుని, లేచిన పావుగంటలోపు వేసి చూసి, ఆ తరువాతే రెండోది కుట్టమంటాను. కీళ్లవాతం ఉన్నవారెవరైనా ఈ ఒక్క పని తప్పక చేయండి.

తరువాత వెల్క్రో, అంటే ఒకటి గరుకుగా, ఇంకొకటి మెత్తగా ఉండి, అదిమితే ఒకదానికొకటి అతుక్కునే జంట పట్టీలు. స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ ద మెస్త్రాల్ 1941లో వేట నుంచి వచ్చి, తన బట్టలకూ కుక్క బొచ్చుకూ పట్టుకున్న ముళ్లకాయలను పరిశీలించి దీన్ని ఊహించాడట. గట్టున నడిస్తే చీర అంచుకు ఉత్తరేణి గింజలు పట్టుకోవడం మనం రోజూ చూసేదే. చిన్న బజారులో మీటరు పట్టీ కొని ఇస్తే, దర్జీ పైనుంచి కింది దాకా ఒకే ముక్కగా కుట్టాడు. అది అట్టలా నిలబడింది. కూర్చుంటే పొట్ట దగ్గర పొడుచుకునేది. పై అంచు కాస్త వంకరగా పడితే మొత్తం విప్పి మళ్లీ మొదలు పెట్టాలి. రెండోసారి రెండు అంగుళాల ముక్కలు నాలుగు, మధ్య ఖాళీ వదిలి కుట్టించాను. ఇది కుదిరింది. ఒక్కొక్కటీ అరచేత్తో అదిమితే చాలు, వేళ్లతో పనే లేదు. పైన పట్టీ మామూలుగానే ఉంటుంది కాబట్టి చూసేవారికి తేడా తెలియదు. గరుకు ముక్క ఒంటివైపు తిరిగి ఉండకూడదు, మెత్తనిదే పై పట్టీ లోపల ఉండాలి. మొదటి రవికలో ఇది తారుమారై, ముక్కలు సరిగా కలవని రోజున చర్మం కందిపోయింది.

లోపాలూ ఉన్నాయి. రోహిణి కార్తెలో ఆ ముక్కల కింద చెమట పట్టి దురద పెడుతుంది. అందుకే నిండు లైనింగ్ మానేసి, ముక్కల వెనక మాత్రం మెత్తని నూలు గుడ్డ వేయిస్తున్నాను. ఉతికేముందు మూయకపోతే గరుకు వైపు దారాలన్నీ పట్టేసి పట్టు సడలిపోతుంది, పక్కన ఉన్న వెంకటగిరి చీర పోగులనూ లాగేస్తుంది. అలా ఒక మంచి చీర పాడైంది, నాకు ఇప్పటికీ మనసు రాదు తీసి చూడటానికి. దారాలను పాత టూత్‌బ్రష్‌తో గీకి తీస్తాను. నైలాన్ కాబట్టి వేడి ఇస్త్రీ దాని మీద పెట్టకూడదు. వారానికి రెండుసార్లు వేసే రవికకు మూడో ఏట ముక్కలు మార్పించాను.

అయస్కాంతపు గుండీలున్న కుర్తా కూడా ఆన్‌లైన్‌లో తెప్పించాను. వేయడం అన్నిటికన్నా తేలిక, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే మావారికి పేస్‌మేకర్ ఉంది, గుండె లయ సరిగా ఉంచడానికి ఛాతీలో అమర్చే పరికరం. అయస్కాంతాలను దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. మా ఇంట్లో ఆరిన బట్టలు గుండెలకు హత్తుకుని లోపలికి తెచ్చేది ఆయనే. ఆ రోజే తిప్పి పంపేశాను.

లంగా బొందు సంగతి త్వరగానే తేలింది. వెనక వెడల్పాటి ఎలాస్టిక్, ముందు ప్యాంట్లకు పెట్టే బల్లపరుపు హుక్కు. ఉత్త ఎలాస్టిక్ మీద గంజి పెట్టిన చీర నిలవదు, జారుతుంది. కుచ్చిళ్లకు పిన్నీసు బదులు, చీరను కోయకుండా మడతల పైఅంచున నాలుగు కుట్లు వేయించుకుంటున్నాను. కావాలంటే విప్పేయవచ్చు.

ఇంకా లొంగనిది మెడలో గొలుసు కొక్కెం. దానికి ఇప్పటికీ మావారే కావాలి. నిరుడు సంక్రాంతికి ఆయన మా పెద్దమ్మాయి దగ్గర ఉండిపోయారు. నేను గొలుసు లేకుండానే, నీలం చీరా వెల్క్రో రవికా వేసుకుని, ఏడింటికల్లా ముగ్గు దగ్గరకు వచ్చి నిలబడ్డాను. పక్కింటి కోడలు "పిన్నీ, ఇవాళ బాబాయిగారు లేరు కదా, రవిక ఎవరు పెట్టారు?" అని అడిగింది. లోపలికి పిలిచి విప్పి చూపించాను. పక్షవాతంతో ఎడమచేయి పడిపోయిన వాళ్ల అమ్మ కోసం, ఆ వారంలోనే కొలత రవిక పట్టుకుని మా దర్జీ దగ్గరకు వచ్చింది. ఆవిడకు ఒంటిచేత్తో అదమడానికి ముక్కలు ఇంకా పెద్దవి కావాల్సి వచ్చాయి, మూడంగుళాలవి.