మెహదీపట్నం వైపు ఒక బాక్సింగ్ జిమ్: పై వెయిట్ కేటగిరీకి పోదామనుకునేటోళ్లు ముందు ఈ కోచ్‌ని కలవండి

జిమ్ పేరు రాయట్లేదు, కోచ్ సారే వద్దన్నాడు, సాయంత్రం బ్యాచ్‌లో ఇప్పటికే బ్యాగ్ కోసం లైన్ కట్టాల్సొస్తుంది. మెహదీపట్నం నుంచి టోలీచౌకి పోయే దారిలో లోపలి గల్లీ, టైర్ల షాపు పైన రెండో ఫ్లోర్. ఏసీ లేదు, పాటలు లేవు, ఫొటోలు దిగే అద్దం లేదు. ఒక రింగు, ఆరేడు బ్యాగులు, కాటా, గోడకి టీవీ, అంతే. ఫీజు నెలకి 2,500, స్కూల్ పిల్లల దగ్గర ఇంకా తక్కువే తీసుకుంటాడు, కొందరి దగ్గర అసలు అడగడు కూడా.

మా చిన్నమ్మ కొడుకు ఇక్కడ ఆడతాడు. 55 కిలోల్లో మా సైడ్ వాడిని కొట్టేటోడు లేడు, దాంతో మావాడికి పై వెయిట్ పిచ్చి పట్టింది. 60లో బాగా పేరున్న పోరగాడు ఒకడున్నాడు, వాడిని కొడితే సెలక్షన్స్‌లో అందరూ నన్నే చూస్తరన్నా అని నా చెవి కొరికేశాడు. ఇంతకుముందు పోయిన జిమ్‌లో ఈ ముక్క చెప్పగానే ట్రైనర్ మాస్ గెయినర్ (బరువు పెంచే పౌడర్) డబ్బా అంటగట్టాడు, రెండు నెలల్లో 60 చేసి చూపిస్తా బ్రో అని. కాటా మీద అంకె పెరిగింది గాని పంచ్‌లో బలం పెరగలే, కాళ్లు మాత్రం నెమ్మదించాయి. అందుకే ఇక్కడికి మార్చినం.

ఇక్కడ సార్ డైట్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అడిగింది ఏందంటే, బౌట్ (పోటీ) లేనప్పుడు నీ బరువెంత, 55కి రావడానికి ఏమేం మానేస్తవ్, బౌట్ రోజు పొద్దున లేస్తే కాళ్లల్లో దమ్ముంటదా లేదా. మావాడు మామూలుగానే 56 ఉంటడు, రాత్రి అన్నం తగ్గిస్తే చాలు 55. సార్ నవ్వి, "ఫిర్ కాయ్కు జారా ఊపర్?" (మరి పైకెందుకు పోతున్నవ్) అన్నాడు. నాకైతే అక్కడే ఈ మనిషి మీద గురి కుదిరింది. కింద బరువులో ఉండటానికి ఒళ్లు ఎండబెట్టుకుంటున్నోడు పైకి పోతే ప్రాణం లేచొస్తుంది, హాయిగా సరిపోతున్నోడు పోతే తనకన్నా నిజంగా పెద్దోళ్ల మధ్యలో పడతాడు. ఇంత చిన్న తేడా ఆ డబ్బా అమ్మినాయనకి తెలీదా అంటే, తెలిస్తే డబ్బా ఎట్ల అమ్ముడుపోతది.

ఇంకోటి, టీవీలో చూసే ప్రో బాక్సింగ్ (డబ్బుకి ఆడేది) లెక్క వేరు, మన పిల్లల అమెచ్యూర్ లెక్క వేరు. ప్రోస్‌కి ముందురోజే వెయిట్ చూస్తారు, ఆ తర్వాత తిని, తాగి రింగులోకి వచ్చేసరికి కిలోలకి కిలోలు పెరుగుతారు. అమెచ్యూర్ టోర్నీలో బౌట్ ఉన్న ప్రతిరోజూ పొద్దున్నే కాటా ఎక్కాల్సిందే, దాచిపెట్టేందుకు ఏమీ ఉండదు. గోడ మీద మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ఫొటో ఉంది, సార్ ఎప్పుడూ ఆమె కథే చెప్తాడు. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో వరల్డ్ చాంపియన్ అయ్యింది, కానీ పారిస్ ఒలింపిక్స్‌లో ఆ 52 లేదు, కిందికి 50 లేదంటే పైకి 54. కిందికే వచ్చింది, 2023లో ఢిల్లీలో 50లో మళ్లీ వరల్డ్ చాంపియన్, పారిస్‌లో మాత్రం రెండో బౌట్‌లోనే చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడిపోయింది, ఆ వూ యూనే చివరికి గోల్డ్ కొట్టింది. తర్వాత కేటగిరీలు మారి 51 వచ్చింది, 2025 నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్ గోల్డ్ అందులోనే. అంత చాంపియన్ కూడా ఒకటి రెండు కిలోల లెక్క చూసుకుంటుంటే మనోడు ఒకేసారి అయిదు కిలోలు ఎగరాలంటాడు.

సరే, ఆదివారాల సంగతి. ఏదైనా పెద్ద ఫైట్ ఉంటే పొద్దున్నే టీవీలో పెడతారు, కింద హోటల్ నుంచి చాయ్, ఉస్మానియా బిస్కెట్ వస్తాయి, ఇక లొల్లే లొల్లి. 2025 సెప్టెంబర్‌లో మెక్సికో చాంపియన్ కనెలోని అమెరికా బాక్సర్ క్రాఫర్డ్ కొట్టినప్పటి నుంచి మావాడి లాంటోళ్ల నోటికి తాళం లేదు. క్రాఫర్డ్ 154 పౌండ్ల నుంచి మధ్యలో 160ని దాటేసి నేరుగా 168కి పోయాడు, అంటే ఆరు కిలోల పైనే, వయసు 37, జడ్జీలు 116-112, 115-113, 115-113 ఇచ్చారు. ఇంకేం, "చూశినవా అన్నా, దమ్మున్నోడికి వెయిట్ ఏంది" అని మొదలెట్టారు.

సార్ అప్పుడు చెప్పిన పాయింట్ నాకు నచ్చింది, నేను తర్వాత కూర్చుని పాత ఫైట్లన్నీ దాంతో పోల్చి చూసుకున్నా కూడా. క్రాఫర్డ్ బరువులో చిన్నోడే గాని పొడుగులో కనెలో కన్నా తక్కువేం కాదు, చేతుల రీచ్ అయితే 74 అంగుళాలు, కనెలోది 70న్నర. అంటే పైకి పోయినా దూరం తన చేతిలోనే ఉంది, జాబ్ (ముందు చేత్తో కొట్టే తిన్నటి పంచ్) తనదే. అదే మైకీ గార్సియా 2019లో లైట్‌వెయిట్ (135 పౌండ్లు) నుంచి 147కి పోయి ఎర్రల్ స్పెన్స్‌తో ఆడాడు, ఒక జడ్జి 120-107, ఇద్దరు 120-108, ఒక్క రౌండ్ కూడా దక్కలేదు, ఎందుకంటే అవతలోడు పొడుగూ ఎక్కువే, బలమూ ఎక్కువే. కనెలో కూడా 2022లో 175కి పోయి బివోల్ జాబ్ ముందు చతికిలపడ్డాడు. అందుకే పై వెయిట్ అనగానే కిలోలు కాదు చూడాల్సింది, కింద నిన్ను గెలిపించింది ఏదో అది పైన కూడా పనిచేస్తదా లేదా చూడాలి. స్పీడ్‌తో గెలిచేటోడు కండ పెంచి ఆ స్పీడే పోగొట్టుకుంటే ఇంక ఏం మిగిలింది.

ఇంకో విషయం ఎవరూ మాట్లాడరు, తిరుగు ప్రయాణం. రాయ్ జోన్స్ 2003లో హెవీవెయిట్‌కి పోయి రూయిజ్‌ని కొట్టాడు, ప్రపంచమంతా చప్పట్లు, మళ్లీ 175కి దిగొచ్చాక ఆ మనిషి ఆ మనిషిలా లేడు, 2004లో టార్వర్ రెండో రౌండ్‌లోనే పడగొట్టాడు. కెల్ బ్రూక్ 147 నుంచి 160కి పోయి గొలోవ్‌కిన్‌తో ఆడితే కంటి గుంత ఎముక విరిగింది, కిందికొచ్చి స్పెన్స్‌తో ఆడితే రెండో కన్ను. గెలిచినా ఓడినా ఒళ్లు బిల్లు వేస్తది.

కానీ సార్‌తో నాకు ఒక చోట పడదు. ఆయన దృష్టిలో ఒళ్లు అడిగితే తప్ప పైకి పోకూడదు, డబ్బు కోసం, పేరు కోసం పోతే తప్పు. నేనొప్పుకోను. ప్రో చాంపియన్‌కి ఉండేది కొన్నేళ్లే, తన వెయిట్‌లో కొట్టాల్సినోళ్లందరినీ కొట్టేశాక అక్కడే కూర్చుని చిన్నాచితకా వాళ్లతో ఆడితే ఎవరు చూస్తారు, పైసలెవరిస్తారు? జపాన్ బాక్సర్ ఇనోవే 108లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఎక్కుతూ 118లో, 122లో అన్ని బెల్టులూ తెచ్చుకున్నాడు, 122లో నేరీ చేతిలో ఒకసారి, కార్డెనాస్ చేతిలో ఒకసారి కింద పడ్డాడు, లేచి ఇద్దరినీ నాకౌట్ చేశాడు. పాకియావో కూడా 112 నుంచి 147 దాకా పదేళ్లు తీసుకున్నాడు. పోవాలి, మెట్టు మెట్టుగా పోవాలి, లిఫ్ట్ ఎక్కకూడదు. క్రాఫర్డ్ లిఫ్ట్ ఎక్కాడు కదా అంటారు, అవును, క్రాఫర్డ్ ఎంతమంది ఉన్నారు మరి.

మావాడి విషయంలో సార్ మాటలతో సరిపెట్టలేదు, ఒక సాయంత్రం 60 కిలోల సీనియర్‌తో మూడు రౌండ్లు దింపాడు. ఫస్ట్ రౌండ్ మావాడిదే, లోపలికి పోవడం, రెండు కొట్టడం, బయటికి. సెకండ్‌లో ఆ సీనియర్ కొట్టడం తగ్గించి పట్టుకోవడం మొదలెట్టాడు, దగ్గరికి రాగానే మెడ మీద ముంజేయి వేసి బరువంతా వాలేస్తున్నాడు. బియ్యం బస్తా మోస్తూ కొట్లాడినట్టే. థర్డ్ రౌండ్ సగానికి మావాడి ఎడమ చెయ్యి గడ్డం దగ్గర నుంచి ఛాతీకి జారింది, కుడి దెబ్బలు వరసగా హెడ్‌గార్డ్ మీద పడ్డాయి. సార్ బెల్ కొట్టించి రిజిస్టర్‌లో రాసుకున్నాడు, ఈ ఏడాది 55లోనే, వారానికి రెండుసార్లు పెద్దోళ్లతో క్లించ్ (దగ్గరగా పట్టుకుని పెనుగులాడే) పని, మెడకీ నడుముకీ ఎక్సర్‌సైజులు, వచ్చే ఏడు మళ్లీ చూద్దాం. మావాడు రెండ్రోజులు అలిగాడు, తర్వాత వాడే మళ్లీ జిమ్‌కి పోయాడు.

మైనస్‌లు ఉన్నాయి. వాష్‌రూమ్ ఒక్కటే, దాని గురించి ఎక్కువ రాయను. జిమ్ గ్లోవ్స్ కంపు, సొంతవి తెచ్చుకోండి. బైక్ పెట్టడానికి జాగా లేదు, కారైతే అసలు తేవద్దు. సార్ గట్టిగా తిడతాడు, అందరి ముందే తిడతాడు, సున్నితమైన పిల్లలకి కష్టం. బరువు తగ్గడానికే వచ్చేటోళ్లకి ఇది బోర్ కొడుతుంది, మొదటి నెలంతా అడుగులే నేర్పిస్తారు. అమ్మాయిలకి పొద్దున బ్యాచ్ వేరే ఉంది. శుక్రవారం నమాజ్ తర్వాతే తెరుస్తారు. రంజాన్ నెలలో టైమింగ్స్ మొత్తం మారిపోతాయి, ఫోన్ చేసి పోండి, లేకపోతే టైర్ల షాపాయన దగ్గర కూర్చోవాల్సొస్తుంది. నా తరఫున 5కి 4, కట్ అయిన ఆ ఒక్కటీ వాష్‌రూమ్‌దే.