గుహ తవ్వకం: పెంగెల్లీ పద్ధతి మేలా, ఫుట్‌ల పద్ధతి మేలా?

విక్టోరియా రాణి కాలంలో జరిగిన రెండు గుహ తవ్వకాలివి. ఒకటి ఇంగ్లండ్‌లో టార్కీ దగ్గరి కెంట్స్ కేవర్న్, రెండోది మన బేతంచర్ల (అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా) పక్కన బిల్లసర్గం. ఏది బాగా జరిగిందంటే నేను కెంట్స్ కేవర్న్ అనే అంటాను, బిల్లసర్గం మనదే అయినా సరే.

కెంట్స్ కేవర్న్‌లో 1820లలోనే మెక్‌ఎనరీ అనే ఫాదర్ తవ్వాడు. అంతరించిపోయిన జంతువుల ఎముకల మధ్యే చెకుముకి రాతి పనిముట్లు దొరికాయని చెప్పినా అప్పటి పండితులు నమ్మలేదు, ఎవరో తర్వాత గొయ్యి తీసినప్పుడు లోపలికి జారి ఉంటాయన్నారు. భూగర్భ శాస్త్రవేత్త విలియం పెంగెల్లీ 1865లో మొదలుపెట్టి 1880 దాకా తవ్వింది ఆ అనుమానానికి చోటు లేకుండా చేయడానికే. గజం పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ముక్కలుగా మట్టి తీయించి, ఏ ముక్కలో దొరికినవి ఆ ముక్క నంబరు పెట్టెలోనే వేయించేవాడు, తీసిన మట్టిని లోపల కొవ్వొత్తి వెలుతురులో ఒకసారి, బయట ఎండలో ఇంకోసారి వెతికించేవాడు. దుమ్ములగొండి, మామత్ (అంతరించిన ఏనుగు జాతి), ఉన్ని ఖడ్గమృగం ఎముకలు పనిముట్లతో పాటే, గట్టి సున్నపు పొర కిందే ఉన్నాయని అలా తేలింది.

బిల్లసర్గంలో 1883-85 మధ్య భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వారు. పొరలు, లోతులు రాసుకున్నారు గానీ పెంగెల్లీలాగా ప్రతి అడుగుకీ నంబరు లేదు. అయితే జంతువుల సంగతికొస్తే ఇది నిజంగా గొప్ప నిధి, శిలాజాల నిపుణుడు లైడెకర్ 1886లో అచ్చువేసిన వివరణలో గబ్బిలాలు, ఎలుకల దగ్గర్నుంచి కర్నూలు పేరు పెట్టిన ఖడ్గమృగం దాకా ఉన్నాయి. ఇవాళ ఆఫ్రికాలోనే బతుకుతున్న చుక్కల దుమ్ములగొండిని కూడా ఆయన గుర్తించాడు.

చిక్కల్లా ఫుట్‌లకు అక్కడ దొరికిన ఎముక పనిముట్లతోనే. ఫుట్ వాటిని ఫ్రాన్స్ గుహల్లో దొరికినవాటితో పోల్చాడు, కానీ వాటిలో చాలావరకు మనుషులు చెక్కినవేనా, జంతువులు కొరికినవా అని తర్వాతి పరిశోధకులు అనుమానపడ్డారు. ఒక్కో ముక్క ఎక్కడ, దేని పక్కన దొరికిందో రాసి ఉంటే ఈ వాదన ఇంత కాలం నడిచేది కాదు. 1970లలో పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి అదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమానుగవి అనే గుహలో కొత్తగా తవ్వాల్సి వచ్చింది, అక్కడ రాతి, ఎముక పనిముట్లు రెండూ దొరికాయి. ఈ గుహల్లో మనుషులు ఉన్నారన్న ఫుట్ మాట నిలబడింది, బిల్లసర్గం ఎముకల మీద అనుమానం మాత్రం అలాగే ఉంది.