ఎంప్లాయీ కేసులన్నీ కవర్ అవుతాయని అమ్మే పాలసీలతో జాగ్రత్త, అమెరికాలో బిజినెస్ కొనేవాళ్ళు తప్పక చదవండి

ఇండియా నుంచి వచ్చి ఇక్కడ గ్యాస్ స్టేషన్, స్టోర్, రెస్టారెంట్ లాంటివి నడుస్తున్నది నడుస్తున్నట్టే కొంటున్న మనవాళ్ళందరికీ చెప్తున్నా. ఇన్సూరెన్స్ ఏజెంట్ "ఎంప్లాయీలు కేసు వేసినా మీకేం భయం లేదండీ, అన్నీ ఇందులో ఉన్నాయి" అని ఈపీఎల్ఐ (ఎంప్లాయీలు ఓనర్ మీద వేసే కేసులకి ఇన్సూరెన్స్) పాలసీ అంటగడితే, ఆ అన్నీలో జీతాల కేసులు ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోకుండా డబ్బు కట్టకండి. మాకు అలాగే అమ్మారు, తీరా క్లెయిమ్ పెడితే చేతులెత్తేశారు.

మేం కొన్న స్టోర్‌లో ముందు నుంచీ పనిచేస్తున్న ఒకాయనకి పాత ఓనర్ మేనేజర్ అని పేరు పెట్టి ఫిక్స్‌డ్ జీతం ఇచ్చేవాడు, వారానికి 60 గంటలు చేసినా ఓవర్‌టైమ్ లేదు. మేం తీసుకున్నప్పటి నుంచి గంటల లెక్కనే ఇస్తున్నాం. ఆయన కేసు పాత బాకీ మీద వేశాడు, కానీ సమన్లలో పాత ఓనర్‌తో పాటు మా ఎల్ఎల్‌సీ (సొంత ఆస్తికి రక్షణగా వ్యాపారం పేరున పెట్టుకునే కంపెనీ) పేరు, నా పేరు, మా ఆవిడ పేరు కూడా ఉన్నాయి. ఆయన మీద నాకు కోపం లేదండీ, చేసిన పనికి డబ్బు అడగడం న్యాయమే.

అసెట్స్ (సరుకు, సామాను లాంటివి) మాత్రమే కొన్నాం, పాత కంపెనీని కాదు కదా, పాతవాళ్ళ బాకీలతో మనకేంటి అని బ్రోకర్లు చెప్తుంటారు, నమ్మకండి. అదే చోట అదే మనుషులతో అదే వ్యాపారం సాగిస్తుంటే జీతాల బాకీ కొత్త ఓనర్ మీదకి కూడా రావచ్చని చాలా ఫెడరల్ కోర్టులు చెప్పాయి. ఎల్ఎల్‌సీ ఉంది కదా అన్న ధైర్యం కూడా ఇక్కడ పనికిరాదు, 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ (జీతాలు, ఓవర్‌టైమ్ గురించిన ఫెడరల్ చట్టం) ప్రకారం షాపు నడిపే మనిషిని కూడా ఎంప్లాయర్ కిందే లెక్కేసి సొంత ఆస్తి మీదకి రావచ్చు.

ఇన్సూరెన్స్ కంపెనీ జవాబులో రెండు కారణాలు రాశారు. ఒకటి, జీతాలు, ఓవర్‌టైమ్ గొడవలు పాలసీలో ఎక్స్‌క్లూజన్ అట, అంటే కవర్ కావని ముందే పక్కన పెట్టినవి. రెండోది, జరిగింది రెట్రో డేట్‌కి ముందట, అంటే ఆ తేదీకి ముందు జరిగినవాటికి వాళ్ళకి సంబంధం లేదు. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "వేజ్ అండ్ అవర్ ఎండార్స్‌మెంట్ ఉంది కదండీ" అన్నాడు, అంటే జీతాల కేసుల కోసం పాలసీకి అదనంగా జోడించిన కాగితం, తీసి చదివితే అది లాయర్ ఫీజులకి మాత్రమే, అదీ చాలా చిన్న లిమిట్, ఎంప్లాయీకి కట్టాల్సిన డబ్బు ఒక్క డాలర్ కూడా రాదు, పైగా దానికీ అదే రెట్రో డేట్. ఇది తెలిసే అమ్మాడు, అందుకే మండుతోంది.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే ఈ పాలసీ ముఖ్యంగా వివక్ష, వేధింపులు, అన్యాయంగా తీసేశారనే కేసుల కోసం. టైటిల్ సెవెన్ అనే ఫెడరల్ వివక్ష చట్టం 15 మంది ఎంప్లాయీలు ఉంటేనే వర్తిస్తుంది (స్టేట్ చట్టాలు వేరే, కొన్నిచోట్ల ఒక్కరున్నా చాలు). ఓవర్‌టైమ్ చట్టానికి తలల లెక్క లేదు, ఏడాదికి 5,00,000 డాలర్ల అమ్మకాలుంటే చాలు, గ్యాస్ స్టేషన్ దాదాపు ఏదైనా అది దాటేస్తుంది. మన సైజు షాపుకి రావడానికి ఎక్కువ అవకాశం ఉన్న కేసునే పక్కన పెట్టి పాలసీ అమ్ముతున్నారన్నమాట. వారానికి 40 గంటలు దాటిన ప్రతి గంటకీ ఒకటిన్నర రెట్లు, అలా రెండేళ్ళు వెనక్కి, తెలిసే ఎగ్గొట్టారని తేలితే మూడేళ్ళు, ఆ మొత్తానికి సమానంగా ఇంకోసారి డ్యామేజెస్, వాళ్ళు గెలిస్తే వాళ్ళ లాయర్ ఫీజు కూడా మనమే. చాలాసార్లు అసలు బాకీ కన్నా ఆ ఫీజే ఎక్కువవుతుంది.

ఇన్సూరెన్స్ వాళ్ళ జవాబు వచ్చేదాకా ఆగుదాం అనుకోకండి, ఫెడరల్ కోర్టులో సమన్లు అందాక జవాబు ఇవ్వడానికి 21 రోజులే, ఎల్ఎల్‌సీ తరఫున లాయరే హాజరవ్వాలి, మనం వెళ్ళి మాట్లాడతామంటే ఒప్పుకోరు. లాయర్ నుంచి డిమాండ్ లెటర్ వచ్చినా అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి పంపేయండి, చాలా పాలసీల్లో ఆ లెటర్ కూడా క్లెయిమ్ కిందకే వస్తుంది, లేట్‌గా చెప్పారని కొట్టేస్తారు.

ఇంకోటి, మనవాళ్ళలోనే కొందరు చెవిలో చెప్పే సలహాలు. కొంత చేతిలో పెట్టి సంతకం పెట్టించుకో అంటారు, కోర్టో లేబర్ డిపార్ట్‌మెంటో ఒప్పుకోని అలాంటి కాగితం చాలాచోట్ల చెల్లదు, డబ్బు పోతుంది, కేసు ఉంటుంది. వీసా సంగతి ఎత్తి బెదిరించు అనేవాళ్ళు ఇంకా ప్రమాదం. పేపర్లు లేని మనిషైనా చేసిన గంటలకి జీతం హక్కే, బెదిరిస్తే కక్ష సాధింపు కింద ఇంకో కేసు పడుతుంది, అయినా మనలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళతో ఆ పని ఎలా చేస్తాం?

ఇంకా కొననివాళ్ళు టైమ్ షీట్లు, పేరోల్ రికార్డులు ముందే అడగండి, పేరోల్ రికార్డులు మూడేళ్ళు దాచాలని చట్టమే చెప్తోంది, లేవన్నాడంటే ఆలోచించుకోండి. పాత జీతాల క్లెయిములు వస్తే అమ్మినవాడే కట్టాలని అగ్రిమెంట్‌లో రాయించి, కొంత డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి దగ్గర ఉంచే ఖాతాలో) ఆపించండి. ఏజెంట్‌కి మాత్రం ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో అడగండి: "జీతం, ఓవర్‌టైమ్ కేసు వస్తే ఎంప్లాయీకి కట్టాల్సిన డబ్బు మీరు ఇస్తారా, లాయర్ ఫీజుకి లిమిట్ ఎంత, రెట్రో డేట్ ఏది, పాత ఓనర్ కాలంలో జరిగింది ఇందులోకి వస్తుందా?" జవాబు రాసి ఇవ్వకపోతే ఆ పాలసీ తీసుకోకండి.