పెద్దవారికి గాలం వేయడం నేర్పిన స్పిన్నింగ్ సెట్టు: ఏడేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఆరున్నర అడుగుల గాలపు కర్రనూ, దారాన్ని చుట్టి ఉంచే 2500 సైజు స్పిన్నింగ్ రీలునూ కలిపి ఒకే పెట్టెలో అమ్మే సాధారణమైన సెట్టు ఒకటి నా దగ్గర ఏడేళ్లుగా ఉంది. దానిని నా కోసం కొనుక్కోలేదు. ఎన్నడూ గాలం పట్టి ఎరుగని పెద్దవారికి చేపలు పట్టడం నేర్పడానికే కొన్నాను, ఇప్పటికి పదకొండు మంది దానితో నేర్చుకున్నారు. వారిలో అందరికంటే చిన్నవారి వయసు 26, అందరికంటే పెద్దవారైన మా బావగారి వయసు 63. కాబట్టి ఇది దాని దూరాన్నీ బలాన్నీ కొలిచే సమీక్ష కాదు. పెద్ద వయసులో నేర్చుకునేవారికి అది ఎంతవరకు తోడ్పడిందో, ఎక్కడ చేయిచ్చిందో చెప్పే సమీక్ష.

దారం చిక్కుపడితే పిల్లవాడు కర్రను పక్కన పడేసి నీటిలో రాళ్లు విసురుకుంటూ ఆడుకుంటాడు, కాసేపటికి మళ్లీ వస్తాడు. పెద్దవారు అలా కాదు. నలుగురిలో చేతకానివారిగా కనిపించామన్న చిన్నతనంతో కర్రను మెల్లగా గట్టున పెట్టి, ఇక మీరు పట్టండి, నేను చూస్తానంటారు, ఆ తర్వాత రమ్మన్నా రారు. అయితే పిల్లలకు లేని ఒక బలం వారికి ఉంది: ఎందుకు తప్పిందో చెబితే వెంటనే పట్టుకుంటారు. అందువల్ల తప్పు ఎక్కడ జరిగిందో కంటికి కనిపించే పరికరమే వారికి తగినదని నా అభిప్రాయం, స్పిన్నింగ్ రీలులో నాకు నచ్చిన గుణం అదే. దారం చుట్టి ఉండే దాని స్పూలు విసిరేటప్పుడు తిరగదు. దారం దాని అంచు మీదుగా చుట్లుచుట్లుగా జారిపోతుంది. ఇదంతా బయటికే కనిపిస్తుంది. మీట నొక్కితే చాలు దారం వెళ్లిపోయే మూత రీలు మొదటి గంటలో ఇంతకంటే సులువే గాని, లోపల చిక్కుపడితే మూత విప్పేదాకా ఏం జరిగిందో తెలియదు. ఇక బెయిట్‌కాస్టింగ్ రీలులో స్పూలే తిరుగుతుంది కనుక, గుండు గాలిలో వేగం తగ్గినా స్పూలు అదే వేగంతో తిరుగుతూ దారాన్ని పిచ్చుక గూడులా పోగు చేస్తుంది. అది మొదటి రోజు చేతికివ్వవలసిన వస్తువు కాదు.

మొదటి పాఠం నేను నీటి దగ్గర చెప్పను. గాలం లేకుండా ఏడు గ్రాముల గుండు మాత్రమే కట్టి, ఖాళీ మైదానంలో ఇరవై నిమిషాలు విసరమంటాను. కర్ర కొన నుంచి గుండు ఒక అడుగు కిందికి వేలాడాలి, దారాన్ని చూపుడు వేలి చివరతో పట్టి ఉంచాలి, బెయిల్ తీగను (దారాన్ని పట్టి స్పూలు మీదికి మళ్లించే వంపు తీగ) తెరవాలి, కర్ర ముందుకు వచ్చేటప్పుడు వేలు వదలాలి. వేలు ముందే వదిలితే గుండు పైకి లేచి దగ్గరలోనే పడుతుంది, ఆలస్యంగా వదిలితే కాళ్ల ముందు నేలను కొడుతుంది. ఈ రెండు మాటలు చెప్పిన తర్వాత నేను మౌనంగా ఉంటాను, ఎందుకంటే గుండు పడిన చోటును చూసి వారే తమను సరిదిద్దుకుంటారు. ఈ సెట్టు కర్ర మధ్యరకం కంటే కాస్త మెత్తన, గ్రాఫైట్‌కు ఫైబర్‌గ్లాసు కలిపి చేసినది. ఏడు గ్రాముల బరువుకే కొన వంగి, ఆ వంపే గుండును తీసుకుపోతుంది గనుక భుజబలంతో విసరవలసిన పని ఉండదు. బలంగా విసరడమే పెద్దవారిలో, ముఖ్యంగా మగవారిలో, నేను చూసిన మొదటి దోషం.

మా బావగారి వేళ్లు కీళ్ల నొప్పులతో బిగుసుకుపోయినందువల్ల చూపుడు వేలు దారం దాకా అందేది కాదు. రీలు పిడిని తిప్పి, దారం నడిచే చిన్న రోలరు సరిగ్గా వేలి కిందికి వచ్చేలా ఆపితే ఆ దూరం తగ్గుతుందని అప్పుడే గమనించి, ఆనాటి నుంచి అందరికీ అదే మొదట నేర్పుతున్నాను. పిడిని కుడివైపు గాని ఎడమవైపు గాని బిగించుకోవచ్చు. కుడిచేతివాటం వారు కుడిచేత్తో విసిరి ఎడమచేత్తో చుట్టడం మంచిదే, కాని కుడిచేత్తోనే చుట్టాలని పట్టుబట్టే పెద్దవారిని నేను బలవంతపెట్టను.

నా పొరపాటు వల్ల ఈ రీలుకు జరిగిన నష్టం ఒకటుంది. విసిరిన తర్వాత బెయిల్ తీగను చేత్తో మూయాలి. మొదటి రెండేళ్లు నేను ఈ సంగతి చెప్పకుండా, పిడి తిప్పితే అదే మూసుకుంటుందని వదిలేశాను. అలా మూసినప్పుడు దారం వదులుగా ఉండి స్పూలు మీద చిన్న ఉచ్చులుగా చుట్టుకుంటుంది, అవే తర్వాతి విసురులో ఒక్కసారిగా లేచి ముడిపడతాయి. పైగా ప్రతిసారీ పడిన ఆ దెబ్బకు స్ప్రింగు బలహీనమై, మూడో ఏట విసురు మధ్యలోనే బెయిల్ మూసుకుపోవడం మొదలైంది. దారం తెగి బెండూ గాలమూ చెరువు నడిమికి ఎగిరిపోయేవి. నేర్చుకుంటున్నవారు అది తమ తప్పేనని కుమిలిపోవడం నన్ను బాగా బాధపెట్టింది. స్ప్రింగు మార్చాక, చేత్తో మూసే అలవాటు చేయించాక, ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

సెట్టుతో వచ్చిన దారం మాత్రం పనికిరానిది. మందంగా, బిరుసుగా ఉండి, స్పూలు ఆకారాన్ని గుర్తుపెట్టుకున్నట్లు మెలికలు తిరిగేది. దానిని తీసేసి 0.25 మిల్లీమీటర్ల నైలాన్ దారాన్ని స్పూలు అంచుకు రెండు మిల్లీమీటర్ల కిందివరకు చుట్టాను. అంతకంటే నిండుగా చుడితే ఉచ్చులు జారుతాయి, తక్కువ చుడితే అంచుకు ఒరుసుకుని దూరం తగ్గుతుంది. నైలాన్ సాగుతుంది కాబట్టి కొత్తవారు కంగారుగా లాగిన లాగుడును కొంత మింగేస్తుంది. అల్లిన దారం దాదాపు సాగదు, వేలిని కోస్తుంది, ముడిపడితే విప్పడం కష్టం. దాని గొప్పతనం తర్వాతి రోజులకు. ఎండకు నైలాన్ బలం తగ్గుతుంది గనుక ఏడాదికొకసారి మారుస్తున్నాను. ముడి బిగించే ముందు ఉమ్మితోనో నీటితోనో తడపాలని కూడా చెబుతాను, ఎందుకంటే పొడి ముడి ఒరుసుకుని వేడెక్కి దారాన్ని దెబ్బతీస్తుంది.

డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా స్పూలును జారనిచ్చే బిగింపు, ఈ రీలులో ముందువైపు గుండ్రని మరతో బిగించేది. దారం తెగే బలంలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య అది జారేలా స్ప్రింగు త్రాసుతో చూసి బిగిస్తాను. నా దారానికి అది సుమారు ఒక కిలో. ఏడేళ్లలో అది పట్టుకుపోకుండా నెమ్మదిగానే జారుతోంది, ఈ ధరలో అది మంచి పనితనమే. అయితే చేప పరుగు తీస్తూ డ్రాగ్ జారుతున్నప్పుడు కూడా కొత్తవారు పిడి తిప్పుతూనే ఉంటారు. ఈ రీలు నిష్పత్తి 5.2:1, అంటే పిడి ఒక చుట్టు తిరిగితే బెయిల్ తీగ స్పూలు చుట్టూ అయిదుసార్లకు పైగా తిరుగుతుంది కాబట్టి, అలా తిప్పిన ఒక్కో చుట్టుకు దారంలో అయిదు మెలికలు చేరతాయి. ఈ లెక్క చెప్పినప్పుడు ఒక్కరూ రెండోసారి ఆ తప్పు చేయలేదు. కర్ర ఎత్తినప్పుడు చుట్టవద్దు, దించుతూ చుట్టండి అని మాత్రమే చెబితే అంతగా ఎక్కలేదు.

గాలం 10 నంబరుది, అంటే చిన్నది, చిన్న బెండు, చిన్న చేపలు. మొదటి రోజు ఒక పెద్ద చేప కోసం కాచుకోవడం కంటే బెండు పదిసార్లు మునగడం మేలు. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ములుకును పటకారుతో అణిచేస్తాను. అప్పుడది చేప నోటి నుంచి తేలికగా వస్తుంది, మనిషి వేలి నుంచి కూడా. పెద్దవారు పైకి చెప్పని సంగతి ఒకటి ఇక్కడే బయటపడుతుంది. మొదటి చేప గట్టుకు చేరగానే బావగారు రెండడుగులు వెనక్కి వేసి, “దాన్ని ముట్టుకోవాలంటే నాకు కంపరంగా ఉంది, నువ్వే తీసెయ్” అన్నారు. “పరవాలేదు బావగారూ, ఈసారి నేను తీస్తాను, మీరు చేయి తడుపుకుని ఒక్కసారి కింద ఆసరా ఇవ్వండి చాలు” అన్నాను. తడి చేయి ఆయన ధైర్యం కోసం కాదు, చేప ఒంటిమీది జిగురు పొర పొడి చేతికి ఊడిపోకుండా ఉండడానికని చెప్పాక, కంపరం పోయి శ్రద్ధ వచ్చింది. ఆ రోజు నాలుగో చేపను ఆయనే విడిపించి నీటిలో వదిలారు.

అరుగుదల విషయానికి వస్తే, అయిదో ఏట ఒకరు కర్రను రాళ్ల మీద పడేయడంతో దారం దూరి వెళ్లే కొన రింగులోని పింగాణీ వలయం చిట్లింది. కంటికి కనిపించలేదు, దారం పదేపదే నూగులు లేవడంతో దూదిని రింగులో తిప్పి చూస్తే పోగులు పట్టుకున్నాయి. అప్పుడు మార్చాను. రెండు ముక్కలు కలిసే చోట బిగుసుకుపోకుండా కాస్త కొవ్వొత్తి మైనం రాస్తున్నాను. రీలుకు నీరు చొరబడని రక్షణ లేదు, కాబట్టి ఉప్పునీటి దగ్గర వాడిన రోజున మంచినీటితో కడిగి ఆరబెట్టకపోతే లోపలి బేరింగులు గరగరలాడతాయి. నా రీలులో ఒకటి అలాగే పాడైంది. కర్రలో గ్రాఫైట్ ఉన్నందున అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. కరెంటు తీగల కింద విసరనివ్వను, ఉరుము వినబడగానే కర్ర దింపించి గట్టు దిగిపోతాం. విసిరేవారికీ పక్కన నిలబడేవారికీ కళ్లద్దాలు తప్పనిసరి చేశాను.

ఈరోజు మళ్లీ కొనవలసి వస్తే ఇదే రీలును తీసుకుని కర్రను మాత్రం ఏడు అడుగులది ఎంచుకుంటాను, ఎందుకంటే బెండుతో పట్టేటప్పుడు ఆ అర అడుగు దారాన్ని నీటి నుంచి పైకి ఎత్తి ఉంచడానికి అక్కరకొస్తుంది. బరువైన చేపలు ఉండే నీటికి గాని, మూడు గ్రాములలోపు తేలికపాటి ఎరలకు గాని ఈ సెట్టు చాలదు. పదకొండు మందిలో నలుగురు తర్వాత సొంతంగా సెట్టు కొనుక్కున్నారు, నలుగురూ స్పిన్నింగ్ రీలునే తీసుకున్నారు. బావగారు కొనలేదు, నాలుగు నెలలుగా నాదే వారి ఇంట్లో ఉంది, పిడి కుడివైపుకు మార్చి ఉంది.