చవక ట్యాబ్ కొనొచ్చా? మా ఇంట్లో మూడు వాడాక నా అభిప్రాయం

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రెండు నెలలకొకసారి ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, "పదివేలలోపు మంచి ట్యాబ్ ఏదైనా ఉంటే చెప్పండి" అని. ప్రతిసారీ ఫోన్‌లో అరగంట చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే పంపడానికి వీలుగా ఉంటుందని ఇది రాస్తున్నాను. 2020 నుంచి ఇప్పటిదాకా మా ఇంట్లోకి మూడు ట్యాబ్‌లు వచ్చాయి. మూడూ నా డబ్బుతో కొన్నవే. ఒకటి చేదు అనుభవం, ఒకటి పర్వాలేదు, ఒకటి మాత్రం ఈ ఇంట్లో నేను కొన్న వస్తువులన్నిటిలోకీ బాగా పనికొచ్చింది.

ముందే చెప్పేస్తాను. చవక ట్యాబ్ కొనొచ్చు. ఐదారు వేలది మాత్రం వద్దు. పది నుంచి పదమూడు వేల మధ్యలో, ఒక మనిషికి, ఒకటో రెండో పనుల కోసం అనుకుని కొంటే డబ్బు వృథా కాదు. ఇంటిల్లిపాదికీ, అన్ని పనులకీ అదే అనుకుంటే ఆరు నెలలు తిరక్కుండానే విసుగొస్తుంది.

మొదటిది కొన్నది కరోనా టైములో. మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి, ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది పట్టుకుని మా ఆయన డ్యూటీకి వెళ్లిపోయేవారు. కంగారులో ఆన్‌లైన్‌లో ఆరు వేల చిల్లరకి ఒకటి తెప్పించాం. పది అంగుళాల స్క్రీన్, 2 జీబీ ర్యామ్ (యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ), 32 జీబీ స్టోరేజీ. చూడ్డానికి పెద్దగా ఉంది, పిల్ల ఎగిరి గంతేసింది. ఆ 32 జీబీలో పది పైన సిస్టమే తినేసింది. క్లాసు యాప్, వాట్సాప్, బడివాళ్లు పంపే పీడీఎఫ్‌లు, వీడియోలు అన్నీ కలిసి ఏడెనిమిది నెలలకే నిండిపోయాయి. మెమరీ కార్డు వేశాం. ఫొటోలు, వీడియోలు అందులోకి వెళ్లాయి గానీ యాప్‌లు వెళ్లవు కదా.

అప్పటి ఒక దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. టీచరు పేరు పెట్టి ప్రశ్న అడిగారు, మా అమ్మాయికి జవాబు తెలుసు, అన్‌మ్యూట్ బటన్ నొక్కింది, కదల్లేదు, మళ్లీ నొక్కింది, నాలుగైదు సెకన్ల తర్వాత రెండు నొక్కులూ ఒకేసారి పని చేసి మైకు ఆన్ అయ్యి వెంటనే ఆఫ్ అయిపోయింది. ఈలోపు టీచరు ఇంకో పిల్లని అడిగేశారు. పిల్ల నా వైపు తిరిగి "నాకొచ్చమ్మా ఆన్సరు" అంది, కళ్లలో నీళ్లు. ఆరు వేలకే వచ్చిందని సంతోషపడిన నాకు ఆ రోజు చాలా బాధేసింది. ఏడాదిన్నరకి ఛార్జింగ్ పిన్ను వదులైపోయింది, కేబుల్ కింద కాగితం మడత పెట్టి ఒక కోణంలో ఉంచితేనే ఎక్కేది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే బోర్డు మార్చాలి, మూడు వేల పైనే అవుతుందన్నారు. ఇంక వదిలేశాం.

చవక ట్యాబ్ అనగానే చాలామందికి ఇంకా 2011 నాటి ఆకాశ్ గుర్తొస్తుంది. కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసమని తెచ్చిన ఆ ఏడంగుళాల ట్యాబ్‌లో ర్యామ్ 256 ఎంబీ, ప్రాసెసర్ 366 మెగాహెర్ట్జ్, స్క్రీన్ వేలితో గట్టిగా నొక్కితే తప్ప పలకని రకం. అక్కణ్ణుంచి చూస్తే ఇప్పటి పదివేల ట్యాబ్ చాలా దూరం వచ్చింది, అది ఒప్పుకోవాలి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది కదా, పాఠాలు లోపలే లోడ్ చేసి. అవి శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్, 8.7 అంగుళాలవి. మా ఎదురింటి అబ్బాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివేవాడు, వాడికొచ్చింది. వాడు అరుగు మీద కూర్చుని లెక్కల వీడియో ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ నోట్సు రాసుకోవడం చూశాకే నాకు ఒక సంగతి అర్థమైంది. పాఠం చూడ్డానికి పది అంగుళాలు అక్కర్లేదు, ఆ సైజు చాలు, ఒడిలో పెట్టుకుంటే బరువుండదు.

మా రెండోది అదే సైజుది. పదివేల దగ్గర, 3 జీబీ, 32 జీబీ. మా అమ్మాయి పదో తరగతి దాకా దాన్నే వాడింది. క్లాసులు, వీడియోలు, పాటలు, అంతవరకు ఇబ్బంది లేదు. నెలకోసారి కూర్చుని అక్కర్లేనివి డిలీట్ చేస్తే సాఫీగా నడిచేది, బద్ధకించి వదిలేస్తే నత్తనడకే. దీనికి కారణం తర్వాత తెలిసింది. ఈ ధరలో ఎక్కువగా పెట్టేది ఈఎంఎంసీ అనే స్టోరేజీ. ఖరీదైన ఫోన్లలో ఉండే యూఎఫ్ఎస్ కంటే అది నిదానం, పైగా నిండేకొద్దీ ఇంకా నిదానిస్తుంది. మనం ప్రాసెసర్‌ని తిట్టుకుంటాం గానీ చాలాసార్లు అసలు సమస్య నిండిపోయిన స్టోరేజీదే. అందుకని 32 జీబీది ఎంత చవగ్గా వచ్చినా ఇప్పుడు కొనొద్దు. కనీసం 64, వీలైతే 128. ర్యామ్ 4 జీబీకి తగ్గొద్దు. "4 ప్లస్ 4, మొత్తం 8 జీబీ ర్యామ్" అని పెద్దక్షరాలతో రాస్తారు, ఆ రెండో 4 అసలు ర్యామే కాదు, స్టోరేజీలోంచి కాస్త అప్పు తెచ్చి ర్యామ్‌లా వాడటం. అసలు ర్యామంత వేగం దానికి రాదు. మొదటి అంకె ఒక్కటే లెక్కలోకి తీసుకోండి.

ఇప్పుడు మూడోది, మా నాన్న కోసం కొన్నది. దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది.

నాన్న రిటైరైన తెలుగు పండిట్. డెబ్బై దాటాయి. పేపరు ఫోన్‌లోనే చదివేవారు, రెండు వేళ్లతో పెద్దది చేసుకుని, ఒక్కో కాలమ్ పక్కకి జరుపుకుంటూ, మధ్యలో వేలు తగిలి పేజీ మారిపోతే మళ్లీ మొదట్నుంచి వెతుక్కుంటూ. పక్కన భూతద్దం. ఆయన అవస్థ చూడలేక, పక్కన పడేసిన ఆ మొదటి ట్యాబ్‌నే కాగితం మడత పెట్టి ఛార్జ్ చేసి ఇచ్చి చూశాను. స్క్రీన్ పెద్దది కదా, పేపరు హాయిగా చదువుతారనుకున్నాను. పది నిమిషాలకి పిలిచారు. "అమ్మా, ఇక్కడ షకారం కింద ఉన్నది టవత్తా, ఠవత్తా? ఇందులో చుక్క ఉందో లేదో తెలీట్లేదు" అన్నారు. నేను కళ్లజోడు పెట్టుకుని ముక్కు ఆనించి చూసినా నాకూ తెలియలేదు. అక్కడ నల్లగా అలికినట్టుంది, అంతే.

ఈ సంగతి ఇంగ్లీషు రివ్యూల్లో ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరం వాళ్లకి రాదు. ఇంగ్లీషు అక్షరం ఒక వరసలో ఉంటుంది. మన అక్షరానికి పైన తలకట్టో గుడో, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు, లోపల చుక్క. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఎంత సరుకుందో చూడండి. పది అంగుళాల స్క్రీన్‌లో 1280×800 పిక్సెల్సే (బొమ్మని కట్టే సన్నటి గడులు) ఉంటే అంగుళానికి 150 దగ్గరే ఆగిపోతాయి. ఈ-పేపర్ పూర్తి పేజీ పెట్టినా, పాత పత్రికల స్కాన్ పీడీఎఫ్ తెరిచినా ఒత్తులన్నీ కలిసిపోతాయి. అదే 800 వరసలు 8.7 అంగుళాల స్క్రీన్‌లో ఉంటే అంగుళానికి 180 దాకా వస్తాయి, కాస్త నయం. 11 అంగుళాల్లో 1920×1200 ఉంటే 200 దాటుతుంది. నాన్నకి మూడోది కొన్నప్పుడు నేను పట్టుబట్టింది ఈ ఒక్క విషయంలోనే. షాపతను కెమెరా గురించీ, కవరు ఫ్రీ గురించీ చెబుతుంటే నేను నా ఫోన్‌లోంచి ఒక తెలుగు పీడీఎఫ్ పంపి డెమో పీసులో తెరిపించి చూశాను. మీరూ అలాగే చేయండి. షాపుకి వెళ్లేటప్పుడు ఒక తెలుగు పేపరు పేజీ ఫోన్‌లో పెట్టుకెళ్లండి, పేజీ మొత్తం స్క్రీన్‌లో పట్టేలా పెట్టి ఒత్తులు చదవండి. స్క్రీన్‌ని అటూ ఇటూ వంచి కూడా చూడండి, పక్కనుంచి చూస్తే రంగు మారిపోయే ప్యానెల్ అయితే వద్దు.

ఈ ధరలో మంచి స్క్రీన్ రాదేమో అనుకోకండి. ఉదాహరణకి రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ 2024 ఏప్రిల్‌లో మన దగ్గర 12,999 రూపాయలకి విడుదలైంది. 11 అంగుళాలు, 1920×1200, స్నాప్‌డ్రాగన్ 680 ప్రాసెసర్, 8000 ఎంఏహెచ్ బ్యాటరీ. అదే కొనమని నేను చెప్పడం లేదు, మోడళ్లు మారిపోతూనే ఉంటాయి, ధరలూ మారుతుంటాయి. పదమూడు వేలకి ఎలాంటి స్క్రీన్ అడగొచ్చో తెలియడం కోసం చెప్తున్నాను. ఐప్యాడ్ కొనాలంటే మొదటి మెట్టే 30 వేలు దాటుతుంది, మా బోటి వాళ్లకి ఆ తేడా చిన్నది కాదు.

మరి ఆ ధరకి ఇవ్వాలంటే కంపెనీ ఎక్కడో కోత పెట్టాలి. కోత పెట్టే చోట్లు కొన్ని నాకు ఫర్వాలేదు, కొన్ని మీకు ఫర్వాలేదనిపించవచ్చు. కెమెరాలు నామమాత్రం, మా రెండో ట్యాబ్‌తో నోట్సు ఫొటో తీస్తే అక్షరాలు మసగ్గా వచ్చేవి, ఫోన్‌తో తీసి పంపుకునేవాళ్లం. వేలిముద్ర సెన్సార్ సాధారణంగా ఉండదు. ఛార్జింగ్ చాలా నిదానం, 10 వాట్ల ఛార్జర్‌తో ఎనిమిది వేల ఎంఏహెచ్ నిండాలంటే నాలుగు గంటల దాకా పడుతుంది. రాత్రి పెట్టేస్తే తెల్లారికి ఉంటుంది కాబట్టి మాకు దాంతో పేచీ లేదు. నాన్నకి రెండ్రోజులు వస్తుంది, కరెంటు పోయినా బెంగలేదు. సిమ్ లేని వైఫై రకం తీసుకుంటే ధర తగ్గుతుంది, ఇంట్లో వైఫై ఉంటే అదే చాలు. ఊరికెళ్లినప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవచ్చు.

సినిమాలు చూసేవాళ్లు మాత్రం ఒకటి అడిగి తెలుసుకోండి, వైడ్‌వైన్ ఎల్1 (సినిమాలు కాపీ కాకుండా యాప్‌లు వాడే రక్షణలో పై స్థాయి) ఉందా అని. కొన్ని చవక ట్యాబ్‌లలో ఎల్3 మాత్రమే ఉంటుంది. అప్పుడు స్క్రీన్ ఎంత మంచిదైనా చాలా ఓటీటీ యాప్‌లలో బొమ్మ 480పీ దగ్గరే ఆగిపోతుంది. డబ్బు కట్టి సబ్‌స్క్రిప్షన్ తీసుకుని మసక బొమ్మ చూడాల్సి రావడం అన్యాయం.

అప్‌డేట్ల సంగతి నాకు నిజంగా టెన్షన్ పెట్టే విషయం. సెట్టింగ్స్‌లోకి వెళ్తే సెక్యూరిటీ అప్‌డేట్ ఏ తేదీదో కనిపిస్తుంది. మా రెండో దాంట్లో ఒక దశలో చూస్తే ఏడాది దాటిపోయింది. అందుకే మా ఇంట్లో ట్యాబ్‌లో బ్యాంకు యాప్ గానీ యూపీఐ గానీ పెట్టం. నాన్న ట్యాబ్‌లో ఉన్నవి పేపరు, పీడీఎఫ్ చదివే యాప్, యూట్యూబ్, వీడియో కాల్. పెద్దవాళ్లకి కొనిచ్చేవాళ్లు దయచేసి ఈ జాగ్రత్త తీసుకోండి. ఊరూ పేరూ లేని బ్రాండ్లయితే మరీ ఘోరం. మా మరిది ఒకటి తెప్పించాడు, పెట్టె మీద కొత్త ఆండ్రాయిడ్, 12 జీబీ ర్యామ్ అని ఉంది, నేను ఒక టెస్టింగ్ యాప్ వేసి చూస్తే ఆండ్రాయిడ్ ఎంతో పాతది, ర్యామ్ 2 జీబీ. అదృష్టం కొద్దీ రిటర్న్ గడువు ఇంకా ఉంది, వెనక్కి పంపేశాడు.

పిల్లలు రాసుకోవడానికని, బొమ్మలు గీయడానికని అయితే ఈ ధరలో ఆశ పెట్టుకోవద్దు. మా అమ్మాయి ఇంటర్‌లో చేరాక లెక్కలు ట్యాబ్ మీదే చేస్తానంది. రబ్బరు మొన ఉన్న పెన్ను ఒకటి కొన్నాం. అరచేయి ఆనగానే అడ్డదిడ్డంగా గీతలు, వర్గమూలం గుర్తు వేయబోతే ఇంకేదో అయ్యేది. మూడో రోజుకి పెన్ను డ్రాయరులోకి, పిల్ల మళ్లీ లాంగ్ నోటుబుక్కులోకి. టైపింగ్, అసైన్‌మెంట్లు ఎక్కువగా ఉన్న డిగ్రీ పిల్లలకైతే అదే డబ్బుకి ఇంకొంచెం కలిపి, తెలిసినవాళ్ల దగ్గర చూసి ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ తీసుకోవడం మేలని నా ఉద్దేశం. గేముల కోసం అడిగేవాళ్లకి నేనసలు ఇది చెప్పను, వేడెక్కుతుంది, తడబడుతుంది.

కొన్నాక ఖర్చు కూడా లెక్కేసుకోండి. పగిలితే స్క్రీన్ మార్చడానికి ట్యాబ్ ధరలో సగం దాకా అడుగుతారు, అందుకని మొదటి రోజే మందపాటి కవరు, గ్లాసు వేయించేయండి. మీ ఊళ్లో కాకపోయినా దగ్గరి టౌనులో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో లేదో కొనకముందే ఫోన్ చేసి కనుక్కోండి.

నాన్న ట్యాబ్‌కి ఇప్పుడు ఏడాది దాటింది. పొద్దున ఆరింటికి కాఫీ తాగుతూ వరండాలో కూర్చుంటారు, స్టాండు మీద ట్యాబ్, ఎడిషన్ పేజీలన్నీ వరసగా తిప్పుతారు, అచ్చుతప్పు కనబడితే ఇంట్లోకి వినబడేలా చదువుతారు. నిన్న అమ్మ వంటింట్లోంచి "ఆ ట్యాబు వచ్చాక మీ నాన్న పేపరువాళ్లని దిద్దడం ఎక్కువైందే" అంది. భూతద్దం మాత్రం బీరువాలో ఉంది.