చేతి స్కానరా, డాంగిలా? రేడియో వినడం నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

పోయిన సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన పెద్ద మేనల్లుడు వాళ్ల నాన్నకి చేతిలో పట్టే రేడియో స్కానర్ ఒకటి తెచ్చాడు, చానెళ్లు ఒక్కొక్కటే తిరిగి ఎవరు మాట్లాడుతున్నారో వెతికే సెట్టు. మా బావ ఒంగోలులో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. రెండు రోజులు దాన్ని అటూ ఇటూ తిరగేసి నాకు ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, ఇది ఒకటే బుస్సుమంటా ఉంది. స్కాన్ నొక్కితే కదలదు. విమానంలో దెబ్బ తిన్నట్టుంది." సెట్టుకు ఏ దెబ్బా తగల్లేదు. స్క్వెల్చ్ తెరిచి పెట్టాడు, అంతే.

అదే నెలలో నెల్లూరులో ఇంజినీరింగ్ చదివే చిన్న మేనల్లుడు లాప్‌టాప్‌కి గుచ్చి దాన్నే రేడియోగా మార్చుకునే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ కొన్నాడు. నాకు హామ్ లైసెన్సు, అంటే సరదాకి రేడియోలో మాట్లాడుకోడానికి సర్కారిచ్చే అనుమతి ఉంది కాబట్టి ఇద్దరూ ఆదివారం ఆదివారం కావలిలో మా డాబా మీదికి చేరేవాళ్లు. బావ పినాకిని రైల్లో దిగేవాడు, వీడు బస్సులో వచ్చేవాడు. ఒకే విద్యను ఇద్దరూ రెండు పనిముట్లతో నేర్చుకోవడం నేను పక్కనే కూచుని చూశాను. ఏది కొనమంటావని ఈమధ్య నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే రాస్తున్నా.

ముందు స్క్వెల్చ్ సంగతి చెప్పాలి. కొత్తవాళ్లలో ఎక్కువమంది తడబడేది అక్కడే. గాలిలో ఎప్పుడూ సన్నటి రొద ఉంటుంది. స్క్వెల్చ్ అంటే పొలం గట్టు లాంటిది. గట్టు ఎత్తు కంటే నీళ్లు పైకొస్తేనే అవతలి మడిలోకి పారతాయి. సిగ్నల్ ఆ ఎత్తు దాటితేనే స్పీకర్ తెరుచుకుంటుంది. గట్టు అసలు లేదనుకోండి, రొద మొత్తం లోపలికి వస్తుంది. దాన్నే సిగ్నల్ అనుకుని స్కానర్ మొదటి చానెల్ దగ్గరే నిలబడిపోతుంది. బావ సెట్ కదలకపోవడానికి కారణం అదే. మరీ ఎత్తు పెంచితే బలహీనంగా వచ్చేవాళ్లు వినపడరు. రొద ఆగేదాకా నాబ్ తిప్పి, అక్కడి నుంచి వెంట్రుకవాసి ముందుకు జరిపితే చాలు.

ఈ మాట బావకి మూడు ఆదివారాలు చెప్పాను. తల ఊపేవాడే గాని చెయ్యి మాత్రం తిన్నగా వాల్యూమ్ నాబ్ మీదికే పోయేది. మేనల్లుడికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. వాడి లాప్‌టాప్ తెర మీద రొద గడ్డిలా నేలమట్టంగా కనిపిస్తుంది. ఎవరన్నా మాట్లాడితే అందులోంచి తాటిచెట్టులా ఒక గీత లేస్తుంది. స్క్వెల్చ్ గీతను గడ్డి మీదుగా పెట్టాలని వాడికి నేను చెప్పనే లేదు. చివరికి బావకి కూడా ఆ తెరే చూపించాను. "ఓహో, ఇదా!" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన చెయ్యి తప్పు నాబ్ మీదికి పోలేదు. నేర్చుకునేందుకు డాంగిలే మేలని నాకు నమ్మకం కలిగింది అప్పుడే.

డాంగిల్ పుట్టుక కూడా చిత్రమే. అది నిజానికి కంప్యూటర్‌లో టీవీ చూడ్డానికి చేసిన చవక పరికరం. లోపలి చిప్ పచ్చి సిగ్నల్‌నే కంప్యూటర్‌కి అందించగలదని 2012లో కొందరు పసిగట్టారు. ఆ తర్వాత అది సుమారు 24 నుంచి 1,700 మెగాహెర్ట్జ్ దాకా వినే రిసీవర్ అయిపోయింది. ఒకే చూపులో 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు చూపిస్తుంది. మన దేశంలో హామ్‌లకు ఇచ్చిన రెండు మీటర్ల బ్యాండ్ 144 నుంచి 146 దాకా, అంటే మొత్తం ఒకే తెర మీద పడుతుంది. ఎవరు ఎక్కడ నోరు విప్పినా కనిపిస్తుంది. చేతి స్కానర్ సెకనుకు పదుల చానెళ్లు తిరిగినా ఒక్కో క్షణం వినేది ఒక్క చానెలే. ఒకరి దగ్గర ఆగిందంటే మిగతావాళ్లు మాట్లాడింది పోయినట్టే.

అలాగని డాంగిల్‌తో సుఖమే సుఖం అనుకోకండి. మొదటి రాత్రంతా డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తగాదాతోనే గడిచిపోయింది. గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, ఎక్కువ పెడితే దగ్గర్లోని ఎఫ్ఎం స్టేషన్ దాన్ని ముంచేస్తుంది, సినిమా పాట ఉండకూడని చోట దయ్యంలా తేలుతుంది. మావాడు ఎవరో దొంగ స్టేషన్ నడుపుతున్నారని తెగ సంబరపడ్డాడు. గెయిన్ తగ్గించగానే ఆ పాట మాయమైంది. పైగా ఎండలో తెర కనపడదు, డాంగిల్ చురుక్కుమనేంత వేడెక్కుతుంది, లాప్‌టాప్ చార్జర్ తన రొద తను కలుపుతుంది. కొత్తపట్నం బీచ్‌కి పోయి వినాలంటే ఇంత సరంజామా మోయాలి. ఫోన్‌కి ఓటీజీ కేబుల్‌తో తగిలించవచ్చు గాని బ్యాటరీ గబగబా దిగిపోతుంది.

అక్కడ చేతి స్కానర్‌దే పైచెయ్యి. బావ సెట్ యూనిడెన్ బీసీ125ఏటీ. రెండు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. 500 చానెళ్లు, వాటిని గుంపులుగా పెట్టుకోడానికి పది బ్యాంకులు. మీటలు చాలా ఉన్నట్టు కనిపిస్తాయి గాని రోజూ పనికొచ్చేవి నాలుగైదే. స్కాన్ అంటే తిరగడం, హోల్డ్ అంటే ఆగడం. లాకౌట్ అంటే ఊరికే రొద చేసే చానెల్‌ని వదిలేసి పొమ్మనడం. సెర్చ్ అంటే రెండు హద్దుల మధ్య వెతకడం. చానెల్ నింపాలంటే హోల్డ్ నొక్కి, చానెల్ నంబరు కొట్టి, మళ్లీ హోల్డ్ నొక్కి, ఫ్రీక్వెన్సీని చుక్కతో సహా కొట్టి, చివర 'ఈ' మీట నొక్కాలి. డిలే అనేది ఇంకోటి ఉంది, అవతలివాడు బదులు చెప్పేదాకా సెట్‌ని రెండు సెకన్లు ఆపి ఉంచుతుంది. అది లేకపోతే ప్రశ్న వింటాం, జవాబు పోతుంది.

బావకి ఈ భాగం భలే నచ్చింది. ఒక్కో బ్యాంకుకి ఒక్కో పేజీ కేటాయించి నోటుబుక్కులో పట్టిక గీశాడు, లెక్కల మాస్టారు కదా. మేనల్లుడికి ఇంతవరకు బ్యాంకు, లాకౌట్ అనే ఆలోచనే అలవడలేదు. వాడికి ఆ అవసరమే రాలేదు, మౌస్‌తో గీత మీద నొక్కుతాడు, వింటాడు. మొన్న బావ సెట్ వాడి చేతికిస్తే బావ మొదటి రోజు ఎలా ఉన్నాడో వాడూ అలాగే ఉన్నాడు.

రెండింటికీ అసలు పరీక్ష అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. అందులో హామ్ రిపీటర్ ఉంది, కింది నుంచి వచ్చిన మాటని అందుకుని తిరిగి ప్రసారం చేసేది, మాటలు 437.800 మెగాహెర్ట్జ్ మీద కిందికి వస్తాయి. కావలి డాబా మీద చేతి సెట్టుకు పక్క టౌను హామ్ వినపడకపోవచ్చు. 400 కిలోమీటర్ల పైన పోయే స్టేషన్ మాత్రం ఖంగుమని వినిపిస్తుంది. ఈ తరంగాలు దాదాపు చూపుమేరకే పోతాయి, నేల మీద చెట్లూ మేడలూ అడ్డం, ఆకాశంలో ఏముంది అడ్డం? కాకపోతే అది దూసుకువస్తున్నప్పుడు ఫ్రీక్వెన్సీ పది కిలోహెర్ట్జ్ దాకా ఎక్కువగా, పోతున్నప్పుడు అంతే తక్కువగా అందుతుంది. రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు ఒకలా, దాటిపోయాక ఒకలా ఉన్నట్టే. డాంగిల్ తెర మీద ఆ గీత మెల్లగా పక్కకి జారడం కంటితో చూడొచ్చు. స్కానర్‌లో అయితే 437.810, 437.805, 437.800, 437.795, 437.790 అని వరసగా ఐదు చానెళ్లు నింపుకుని, ఒకటి మసకబారగానే తర్వాతదానికి దిగాలి. ఒక దర్శనం పది నిమిషాలకు మించదు. ఆ పది నిమిషాల్లో హోల్డ్, స్టెప్, మెమరీ మూడూ చేతికి అలవాటవుతాయి. ఏ మాన్యువలూ ఇంత బాగా నేర్పదు.

స్కానర్‌కి లేనిది ఇంకొకటి ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన హామ్‌శాట్ ఉపగ్రహం 2014 దాకా పనిచేసింది. దాని మీద నడిచే మాటలు ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) అనే ప్రసార పద్ధతిలో ఉండేవి. ఎఫ్ఎం, ఏఎం మాత్రమే తెలిసిన చేతి స్కానర్‌లో అవి బాతు అరుపుల్లా వినిపిస్తాయి. డాంగిల్‌కి పద్ధతి మార్చడం ఒక్క క్లిక్కు.

తుపానుకి స్కానర్ పనికొస్తుందని కొనేవాళ్లూ ఉన్నారు. 1989 నవంబరు తుపాను కావలి దగ్గరే తీరం దాటింది, కరెంటు లేని ఆ చీకటి రోజులు నాకు గుర్తే. సెల్లులతో నడిచేది ఇంట్లో ఉండాల్సిందే. కానీ బావ సెట్‌లో 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ భాగమే లేదు, మీడియం వేవ్ అంతకన్నా లేదు. అంటే ఆకాశవాణి రాదు. అందులో వాతావరణ చానెళ్ల మీట ఉంది గాని అది 162 మెగాహెర్ట్జ్ మీద నడిచే అమెరికా సర్వీసుకి, ఇక్కడ అలంకారమే. తుపాను కబురుకి మామూలు పాకెట్ రేడియో కొనుక్కోండి.

చవగ్గా వస్తుందని వాకీటాకీ కొని దానితోనే స్కాన్ చేస్తామనేవాళ్లకి నా మాట వద్దనే. వాటి స్కాన్ నత్తనడక. అంతకంటే పెద్ద చిక్కు దాని పక్కనున్న మీట. చెయ్యి తగిలి నొక్కుకుంటే మీరు ప్రసారం చేసినట్టే.

చట్టం సంగతి దాటేయడానికి లేదు. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడాన్ని 1933 నాటి చట్టమే తప్పు పట్టింది, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం అనుమతి లేకుండా ఇతరుల సందేశాలు పట్టుకోవడాన్ని శిక్షించదగ్గ నేరంగా చూస్తుంది. పోలీసు సెట్, కృష్ణపట్నం పోర్టు మాటలు, పైన పోయే విమానాలు, ఇవేవీ మన కోసం మాట్లాడేవి కావు. అమెరికాలో వాళ్ల వీడియోలు చూసి ఇక్కడ అలాగే చేస్తామంటే కుదరదు. హామ్ లైసెన్సుకి పన్నెండేళ్లు నిండితే చాలు, అందులో కింది మెట్టైన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. హామ్ బ్యాండ్, అంతరిక్ష కేంద్రం చాలవా నేర్చుకోడానికి?

కాబట్టి నన్నడిగితే వరస ఇది. మొదటి నెల ఒక్క రూపాయీ పెట్టొద్దు. నెదర్లాండ్స్‌లో ట్వెంటె యూనివర్సిటీ వాళ్ల వెబ్ఎస్‌డీఆర్ ఉంది, 0 నుంచి 29 మెగాహెర్ట్జ్ దాకా బ్రౌజర్‌లోనే తిప్పి వినొచ్చు. ఏఎం, ఎఫ్ఎం, ఎస్ఎస్‌బీ తేడా అక్కడే చెవికెక్కుతుంది. ఈలోపు పరీక్షకి చదవండి. లైసెన్సు చేతికొచ్చాక నాలుగైదు వేలు పెట్టి డాంగిల్ కొనండి. అమెరికాలో నూటపాతిక డాలర్ల పైన పలికే చేతి స్కానర్ అన్నిటికంటే చివర, అదీ బయట తిరిగి వినాలనిపిస్తేనే. కంప్యూటర్ అంటే టెన్షన్ పడే పెద్దవాళ్లకి మాత్రం ఈ వరస తిరగేసినా పర్లేదు. మొదటి స్క్వెల్చ్ పాఠం ఒక్కటి ఎవరి తెర మీదైనా చూపించండి.

ఏది కొన్నా యాంటెన్నా మీద కాస్త మనసు పెట్టండి. 75ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తీగ పొడవు మీటర్లలో వస్తుంది. 145కి సుమారు 52 సెంటీమీటర్లు, 437కి 17. సెట్‌తో వచ్చే రబ్బరు కొమ్మకీ ఈ తీగకీ తేడా మొదటి రోజే తెలుస్తుంది.

బావ పరీక్షకి దరఖాస్తు పెట్టాడు. లైసెన్సు వచ్చేదాకా ఆ స్కానర్ మా బీరువాలోనే ఉంటుంది. ఆదివారం మెట్లెక్కుతూనే అడుగుతాడు: "నా ఐదు చానెళ్లు చెరపలేదు గదా, బామ్మర్దీ?"