పడమటి గదికి డబుల్ గ్లాస్ కిటికీ: చప్పుడుకి సరే, ఎండకి?

కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో పడమటి గదులకు షాపులవాళ్లు చూపించే 6-12-6 కిటికీ ఇది. 6 మి.మీ. అద్దం, 12 మి.మీ. ఖాళీ, మళ్లీ 6 మి.మీ. అద్దం. రోడ్డు మీది మోత తగ్గుతుంది, ఏసీ చల్లదనం నిలుస్తుంది. "ఎండ ఆపేస్తుంది సార్" అన్నప్పుడే ఏ అద్దమని అడగాలి.

తెల్ల అద్దం ఒక్కో ముఖం మీద పడ్డ వెలుతురులో సుమారు 4 శాతం వెనక్కి పోతుంది. పలకకు రెండు ముఖాలు, అంటే 8. ఇంకో 4 శాతాన్ని గాజులోని ఇనుము మింగుతుంది. అంచు పచ్చగా కనిపించేది దానివల్లే. మిగిలింది 88. రెండో పలక ఆ 88లో 88 శాతాన్నే పంపుతుంది, అంటే 77. పలకల మధ్య అటూ ఇటూ తగిలి లోపలికొచ్చేది కూడా కలిపితే 78, 79. కంటికి ఆ తేడా దాదాపు ఆనదు. రంగు అద్దాలతోనే చిక్కు. 50 శాతం వెలుతురే వదిలే పలకలు రెండు వేస్తే వచ్చేది పాతికే. పైన దోమల మెష్, బోర్‌వెల్ దుమ్ము కలిస్తే పట్టపగలే లైటు వెయ్యాలి.

వేడి లెక్క వేరు. ఒక్క తెల్ల పలక ఎండ వేడిలో 80 శాతం పైచిలుకు లోపలికి వదులుతుంది, రెండు పలకలు సుమారు 70. ఎండ కోసమే అయితే తెల్ల డబుల్ గ్లాస్ దండగ. సోలార్ కంట్రోల్ లో-ఈ పూత (ఎండ వేడిని వెనక్కి తిప్పే, కంటికి ఆనని సన్నటి లోహపు పొర) ఉన్నదే తీసుకోండి. ఆ పూత బయటి పలక లోపలి ముఖానికి ఉండాలి. యూనిట్ తిప్పి బిగిస్తే సగం ప్రయోజనం పోయినట్టే. చీకటి పడ్డాక గదిలోంచి లైటర్ వెలిగించి అద్దం దగ్గర పెట్టండి: నాలుగు మంటలు కనిపిస్తాయి. మీ వైపు నుంచి లెక్కిస్తే మూడోది రంగు మారి ఉండాలి. రెండోది మారిందా, బిగింపు తప్పు.

బిగించాక లోపలివైపు నల్ల ఫిల్మ్ అంటించకండి. ఆ పలక వేడెక్కుతుంది, ఫ్రేములో దాగిన అంచు చల్లగా ఉంటుంది; టఫెన్ చెయ్యని (కాల్చి గట్టిపరచని) అద్దమైతే అంచు దగ్గర మొదలై చీలుతుంది.

పలకల మధ్య ఆవిరి పడితే అంచున తేమ చొరకుండా వేసే బ్యూటైల్ (రబ్బరు లాంటి) సీలు తెగి, పలకల్ని ఎడంగా ఉంచే పట్టీలో, అంటే స్పేసర్‌లో, తేమ పీల్చే గుళికలు నిండిపోయాయన్నమాట. తుడవడం కుదరదు, యూనిట్ మార్చాల్సిందే. గ్యారంటీ కాగితంలో 'సీలు' అన్న మాట ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.

షాపువాడు చెప్పిన శాతాన్ని ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్‌తో సరిచూడొచ్చు. పడమటి కిటికీకి నేరుగా ఎండ తగలని ఉదయం పూట మెష్ పక్కకు జరిపి, అద్దం తెరిచి ఒకసారి, మూసి ఒకసారి, ఫోన్ కదపకుండా నిమిషంలోపు రీడింగ్ తీయండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. తెల్ల డబుల్ గ్లాస్‌కి 0.7 కన్నా బాగా తక్కువ వస్తే ముందు అద్దం కడిగి మళ్లీ చూడండి.